గోధుమలో నిలకడ

విత్తనం ఎంచుకొనే వేళ రైతు మనస్సును వేధించే సందేహం ఒకటి ఉంది. నిరుడు పొరుగువాని చేలో ఎకరాకు 35 బస్తాలు పండిన వంగడం ఈ ఏడు తన చేలో కూడా అంతే పండుతుందా? పండితే సంతోషమే. పండకపోతే పెట్టుబడి, దానికై చేసిన అప్పు, ఇంట్లో పిల్లల చదువు ఆ విత్తనంతోపాటే మట్టిలో కలిసిపోతాయి. విత్తనాల కొట్టు గోడమీద అంటించిన ప్రకటనలో కనిపించేది ఆ వంగడం ఎప్పుడో ఒకప్పుడు ఇచ్చిన అత్యధిక దిగుబడి. అది ఏ నేలలో పండింది, వాన తప్పిన ఏడు ఎంత పండింది అన్న వివరాలు అందులో ఉండవు. రైతుకు కావలసినవి ఆ వివరాలే.

దిగుబడి అనేది విత్తనం ఒక్కదాని గుణం కాదు. నేల, నీరు, ఎండ, చలి, తెగులు, రైతు చేసే కృషి ఇవన్నీ విత్తనంతో కలిస్తేనే పంట అవుతుంది. విత్తనం కాక మిగిలిన వీటన్నిటినీ కలిపి పరిసరం అందాం. ఒకే వంగడం ఒక పరిసరంలో రాజ్యమేలుతుంది, మరొక పరిసరంలో బికారి అవుతుంది. వేరువేరు పరిసరాలలో ఒక వంగడం తన దిగుబడిని ఎంతవరకు నిలుపుకోగలదు అన్న విషయాన్ని వ్యవసాయ శాస్త్రజ్ఞులు దిగుబడి స్థిరత్వం అంటారు. స్థిరత్వం అనడంకంటె నిలకడ అనడం నాకు ఇష్టం. మనిషి గుణాన్ని చెప్పేటప్పుడు మనం వాడుకొనే మాట అది. నిలకడ గల మనిషి అంటే ఉన్నచోటనే కూర్చొని కదలనివాడు అని కదా అర్థం. పరిస్థితులు మారినా నమ్మదగినవాడు అని. విత్తనం విషయంలోనూ ఈ భేదం ముఖ్యమే. దాని సంగతి ముందుముందు చూస్తాం.

నిలకడ అన్న గుణాన్ని పరిశీలించడానికి శీతకాలపు గోధుమను మించిన పంట లేదు. ముందుగా ఆ పంట స్వభావం తెలుసుకోవాలి. మన దేశంలో గోధుమను కార్తీక మార్గశిరాలలో విత్తి ఫాల్గుణ చైత్రాలలో కోస్తారు. చలికాలంలో పెరిగే పంట కాబట్టి ఇదే శీతకాలపు గోధుమ అనుకోవడం సహజం. కాని అది పొరపాటు. పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో పండేదీ, 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల విత్తనంగా ఓడలలో మన దేశానికి వచ్చినదీ వసంతకాలపు గోధుమ జాతికి చెందినవే. మన చలికాలం ఆ జాతికి వసంతంలాగా సరిపోతుంది.

అసలైన శీతకాలపు గోధుమ నెలవులు వేరు. రష్యా దక్షిణ భాగం, ఉక్రెయిన్, టర్కీ పీఠభూమి, పశ్చిమ ఐరోపా, అమెరికాలోని కాన్సాస్, నెబ్రాస్కా రాష్ట్రాలు. అక్కడ దీనిని సెప్టెంబరు, అక్టోబరు నెలలలో విత్తుతారు. మంచు పడేలోగా అది మొలిచి, పిలకలు వేసి, నేలకు అంటిపెట్టుకొని ఉండిపోతుంది. నెలల తరబడి మంచు కింద అలాగే ఉంటుంది. వసంతంలో మంచు కరగగానే తిరిగి లేచి ఎండాకాలంలో కోతకు వస్తుంది. విత్తిన నాటినుంచి కోసే నాటివరకు తొమ్మిది పది నెలలు! వరి మడిలో నాలుగైదు నెలలుండి ఇంటికి వస్తుంది. ఈ గోధుమ మాత్రం శరత్తు, హేమంతం, శిశిరం, వసంతం, గ్రీష్మం అన్నింటినీ పొలంలోనే దాటాలి. ప్రతి ఋతువుకూ దానిని దెబ్బతీసే ఉపాయం ఒకటి ఉంటుంది.

ఈ మొక్కకు చలితో గల సంబంధం విచిత్రమైనది. సున్నాకు కొంచెం పైన ఉండే చలిని కొన్ని వారాలపాటు అనుభవిస్తేగాని అది కంకి వేయదు. వసంతంలో విత్తి చూడండి. ఆకులు వేస్తుంది, పిలకలు పెడుతుంది, గడ్డిలాగా దుబ్బు కడుతుంది, కంకి మాత్రం రాదు. చలిని అనుభవించి పూతకు సిద్ధం కావడాన్ని వృక్షశాస్త్రంలో వెర్నలైజేషన్ అంటారు. దీనివల్ల మొక్కకు గొప్ప మేలు జరుగుతున్నది. శరత్తులో నాలుగు రోజులు వెచ్చగా ఉంటే వసంతం వచ్చిందని భ్రమపడి కంకి వేసుకొని, ఆ తరువాత వచ్చే మంచుకు బలికాకుండా ఈ గుణం దానిని కాపాడుతుంది.

చలి అవసరమే, కాని చలి శత్రువు కూడ. గోధుమ మొక్కకు ప్రాణస్థానం ఆకులలో లేదు, వేళ్లలోనూ లేదు. నేలలో ఒక అంగుళం లోతున, వేరుకూ కాండానికీ మధ్య ఉండే ముడిలో ఉంది. ఆకులన్నీ మాడిపోయినా ఆ ముడి బతికితే మొక్క బతుకుతుంది. శరత్తులో చలి క్రమక్రమంగా పెరిగేకొద్దీ ఆ ముడిలో చక్కెరలు చేరతాయి, నీటి శాతం తగ్గుతుంది, చలికి తట్టుకొనే శక్తి అలవడుతుంది. పైన పడిన మంచు దుప్పటిలాగా పనిచేసి నేలలోని వెచ్చదనాన్ని కాపాడుతుంది. మంచును చూసి మనం భయపడతాం. శీతకాలపు గోధుమ రైతు భయపడేది మంచు లేని చలికి. నేల బోసిగా ఉండి, ఎముకలు కొరికే చలిగాలి వీచిందంటే ఆ ముడి గడ్డకట్టి చచ్చిపోతుంది. నడి చలికాలంలో వారం రోజులు వెచ్చగా ఉండి ఆపైన హఠాత్తుగా చలి విరుచుకుపడినా ప్రమాదమే. ఆ వెచ్చదనానికి మొక్క తాను కూడగట్టుకొన్న సహనాన్ని పోగొట్టుకొంటుంది.

ఇన్ని గండాలు గల పంటకు ఒక ఏడు ఉన్నట్లు మరొక ఏడు ఉండదు. లండన్‌కు ఉత్తరాన రోథామ్‌స్టెడ్ అనే చోట బ్రాడ్‌బాల్క్ అనే పొలం ఉంది. జాన్ బెనెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ అనే ఇద్దరు 1843 శరత్తులో అక్కడ శీతకాలపు గోధుమను విత్తి ప్రయోగం మొదలుపెట్టారు. ఆనాటినుంచి నేటివరకు ప్రతి ఏడూ ఆ పొలంలో ఆ పంట విత్తుతూనే ఉన్నారు. విత్తే వంగడాలు కాలంతోపాటు మారాయి గాని మడులు మారలేదు. అందులో ఏ ఎరువూ ఎరుగని మడి కూడ ఒకటి ఉంది. హెక్టారుకు ఒక టన్ను ప్రాంతంలో అది ఇప్పటికీ పండుతూనే ఉంది. ఆ పొలం లెక్కలు చూస్తే నేల ఒకటే, ఎరువు ఒకటే అయినా ఏటికీ ఏటికీ దిగుబడి ఎంతగా మారుతుందో తెలుస్తుంది. అందుచేత పరిసరం అంటే చోటు మాత్రమే కాదు. చోటూ ఏడూ కలిసినది పరిసరం. ఒకే పొలం రెండేళ్లలో రెండు పరిసరాలు.

పరిసరాలు ఒకదానికొకటి దూరంగా ఉండి కూడ ఒకే పోలికతో ఉండవచ్చు. 1874లో రష్యా సామ్రాజ్యపు దక్షిణ సీమలనుంచి మెన్నోనైట్లు అనే క్రైస్తవశాఖకు చెందిన రైతులు అమెరికాలోని కాన్సాస్‌కు వలసవెళ్లారు. వారితోపాటు టర్కీ రెడ్ అనే శీతకాలపు గోధుమ వెళ్లింది. వేల మైళ్ల అవతలి ఆ బయళ్లలోనూ అదే తీరు చలి, అదే తీరు ఎండ. అది అక్కడ పుట్టినదానిలాగానే పెరిగింది. దూరం చేత పరిసరాన్ని కొలవలేమని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక నిలకడకు నిదర్శనంగా లోకమంతా చెప్పుకొన్న వంగడం దగ్గరికి వద్దాం. దాని పేరు బెజోస్తాయా 1. నల్లసముద్రానికి తూర్పున, కాకసస్ పర్వతాలకు ఉత్తరాన కూబాన్ అనే సారవంతమైన సీమ ఉంది. దానికి ముఖ్యపట్టణం క్రాస్నోదార్. అక్కడి పరిశోధన కేంద్రంలో పావెల్ లుక్యానెంకో అనే శాస్త్రజ్ఞుడు దానిని రూపొందించాడు. 1959లో అది సాగులోకి వచ్చింది. బెజోస్తాయా అంటే రష్యన్ భాషలో మీసాలు లేనిది అని అర్థం. గోధుమ కంకికి ముళ్లలాగా నిక్కి ఉండే మీసాలను సంస్కృతంలో శూకాలు అంటారు. ఆ శూకాలనుబట్టే చరకసంహితలో వరి, యవలు, గోధుమలను శూకధాన్యవర్గంగా లెక్కించారు. ఆ లెక్కన బెజోస్తాయాది వింత పుట్టుక: శూకం లేని శూకధాన్యం.

లుక్యానెంకో ముందున్న చిక్కు ఏమిటంటే, కూబాన్ నేల బలమైనదే అయినా పాత వంగడాలు ఆ బలాన్ని భరించలేకపోయేవి. ఎరువు వేస్తే ఎత్తుగా పెరిగి, కంకి బరువుకు చేను చేనంతా పడిపోయేది. దానికితోడు తుప్పు తెగులు. అందుచేత ఆయన స్థానిక గోధుమలను దూరదేశాల గోధుమలతో సంకరం చేశాడు. వాటిలో అర్జెంటీనాకు చెందిన క్లైన్ 33 అనే వంగడం ఒకటి. దాని వంశవృక్షం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఇటలీలో నజారెనో స్ట్రాంపెల్లి అనే శాస్త్రజ్ఞుడు జపానుకు చెందిన ఆకాకొముగి అనే పొట్టి గోధుమను తెచ్చి సంకరం చేసి ఆర్దితో అనే వంగడాన్ని సృష్టించాడు. ఆ ఆర్దితో రక్తం అర్జెంటీనా చేరి, క్లైన్ 33లోకి ప్రవహించి, అక్కడినుంచి కూబాన్ చేరింది. జపాను గోధుమలోని రెండు గుణాలు మూడు ఖండాలు దాటి బెజోస్తాయాలో స్థిరపడ్డాయి. ఒకటి కాండం పొట్టిగా గట్టిగా ఉండడం. రెండవది పగటి పొడవు కోసం ఎదురుచూడకుండా త్వరగా కంకి వేయడం.

ఈ రెండవ గుణంలో పరిసరం ఆడే ఆట స్పష్టంగా కనిపిస్తుంది. మామూలు శీతకాలపు గోధుమ పగళ్లు బాగా పొడవు అయ్యేదాకా ఆగి అప్పుడు కంకి వేస్తుంది. దక్షిణ ఐరోపాలోనూ, నల్లసముద్ర తీరంలోనూ అలా ఆగితే గింజ పాలుపోసుకొనే వేళకు వడగాలులు వచ్చి గింజ తాలుపోతుంది. తొందరగా కంకి వేసేది ఆ ఎండను తప్పించుకొంటుంది. ఇంగ్లండు సంగతి వేరు. అక్కడ ఎండాకాలం చల్లగా ఉంటుంది, వాన ఉంటుంది, గింజ నిండడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. అక్కడ తొందరపడినందువల్ల ప్రత్యేకమైన మేలు లేదు; ఉన్న వ్యవధిని పోగొట్టుకోవడం తప్ప. ఒకే జన్యువు ఒక చోట వరం, మరొక చోట కేవలం తొందరపాటు.

బెజోస్తాయా సోవియట్ యూనియన్‌ను దాటి తూర్పు ఐరోపా దేశాలకు, టర్కీకి వ్యాపించింది. కోటి హెక్టార్లకు మించి సాగయింది. రొట్టెకు అనువైన మేలురకం పిండి ఇచ్చేది. 1969లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో శీతకాలపు గోధుమలకు ఒక అంతర్జాతీయ పరీక్ష ప్రారంభమైంది. అనేక దేశాల వంగడాలను ఒక్కొక్క సంచిగా కట్టి అనేక దేశాల కేంద్రాలకు పంపి, అన్నిచోట్లా ఒకే పద్ధతిలో విత్తి దిగుబడులు సేకరించారు. ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న రోజులవి. అమెరికా సొమ్ముతో జరిగిన ఆ పరీక్షలో మొదటి సంవత్సరాలలో అన్నిచోట్ల సగటున ముందువరుసలో నిలిచినది సోవియట్ యూనియన్ గోధుమ అయిన బెజోస్తాయా. గింజకు రాజకీయం తెలియదు కదా!

ఇంతకూ నిలకడను కొలవడం ఎట్లా? ఈ ప్రశ్నకు ప్రసిద్ధమైన సమాధానం 1963లో ఆస్ట్రేలియానుంచి వచ్చింది. ఆడిలెయిడ్‌లోని ఫిన్లే, విల్కిన్‌సన్ అనే శాస్త్రజ్ఞులు ప్రపంచం నలుమూలలనుంచి తెచ్చిన 277 బార్లీ వంగడాలను వేరువేరు చోట్ల, వేరువేరు సంవత్సరాలలో పండించారు. నేల ఎంత మంచిది, వాన ఎంత పడింది అని విడివిడిగా కొలవబోతే లెక్కకు అంతు ఉండదు. వారు ఆలోచించిన ఉపాయం చాల సులభమైనది. ఒకచోట ఒక ఏడు విత్తిన వంగడాలన్నింటి సగటు దిగుబడినే ఆ పరిసరానికి మార్కుగా తీసుకొన్నారు. అన్నీ బాగా పండితే మంచి పరిసరం. అన్నీ చతికిలబడితే చెడ్డ పరిసరం. నేల గుణం చెప్పడానికి మొక్కలనే సాక్ష్యం అడిగారన్న మాట.

ఊహించుకొన్న అంకెలతో దీనిని అర్థం చేసుకొందాం. మూడు పరిసరాలున్నాయి. వాటిలో వంగడాలన్నింటి సగటు హెక్టారుకు వరుసగా 50, 36, 22 క్వింటాళ్లు. మొదటి వంగడం ఈ మూడు చోట్లా 58, 37, 16 క్వింటాళ్లు పండింది. రెండవ వంగడం 43, 36, 29 క్వింటాళ్లు పండింది. సగటు తీస్తే మొదటిదానికి 37, రెండవదానికి 36. సగటునుబట్టి చూస్తే మొదటిదే మేలు. ప్రకటనలలో కనిపించేది కూడ దాని 58 క్వింటాళ్లే. కాని చెడ్డ ఏడు వచ్చినప్పుడు మొదటిదాన్ని నమ్ముకొన్న కుటుంబానికి దక్కేది 16. రెండవదాన్ని నమ్ముకొన్న కుటుంబానికి 29. ఆ 13 క్వింటాళ్ల తేడాలో వచ్చే ఏటి విత్తనం ఉంది, ఇంటిల్లిపాది తిండి ఉంది, అప్పులవాని ముందు తలదించుకోకుండా నిలబడడం ఉంది.

పరిసరం సగటు ఒక క్వింటాలు పెరిగినప్పుడు మొదటి వంగడం ఒకటిన్నర క్వింటాళ్లు పెరుగుతున్నది. తగ్గినప్పుడు అంతే వేగంగా తగ్గుతున్నది. రెండవది అర క్వింటాలే పెరుగుతున్నది, అర క్వింటాలే తగ్గుతున్నది. ఈ ఒకటిన్నర, అర అన్న సంఖ్యలే ఆ వంగడాల స్వభావానికి కొలతలు. ఒకటి వచ్చిందంటే ఆ వంగడం నలుగురితోపాటు నడిచేది. ఒకటికి మించితే సంపదలో పొంగి ఆపదలో కుంగేది. ఒకటికి తగ్గితే పొంగూ తక్కువ, కుంగూ తక్కువ.

అయితే ఈ సంఖ్య తగ్గినకొద్దీ మంచిదని అనుకోరాదు. సున్నా అయిందనుకోండి. ఆ వంగడం మంచి నేలలో 15, చెడ్డ నేలలో 15 క్వింటాళ్లు పండుతుంది. సుఖదుఃఖాలను సమంగా చూసే గీతలోని స్థితప్రజ్ఞుడు లోకానికి ఆదర్శమే గాని, గోధుమలో స్థితప్రజ్ఞత రైతును పస్తు పెడుతుంది. ఎరువు వేసినా పెరగని పంటకు ఎరువు వేసేవాడెవడు? ఉన్నచోట కదలక కూర్చోవడం నిలకడ కాదని మొదట అన్నది ఇందుకే. సగటు దిగుబడి తగినంత ఉండి, ఆపైన నిలకడ ఉంటేనే ఆ నిలకడకు విలువ.

1966లో అమెరికాకు చెందిన ఎబర్‌హార్ట్, రస్సెల్ అనేవారు మొక్కజొన్నను పరిశీలించి దీనికి మరొక అంశం చేర్చారు. మన ఉదాహరణలోని రెండు వంగడాలూ ఒక గీతను పట్టుకొని నడిచేవి. పరిసరం మార్కు తెలిస్తే వాటి దిగుబడి చెప్పవచ్చు. మూడవ వంగడం ఒకటి 60, 20, 28 క్వింటాళ్లు పండిందనుకొందాం. దాని సగటు కూడ 36 క్వింటాళ్లే. కాని అది అన్నీ ఓ మాదిరిగా పండిన చోట చితికిపోయి, అన్నీ చితికిపోయిన చోట కాస్త మెరుగ్గా పండింది. ఏదో ఒక తెగులుకు లొంగిపోవడం వంటి రహస్యం దానిలో ఉండి ఉండాలి. ఇటువంటి వంగడం గీతకు ఎంత దూరంగా తొలగిపోతున్నదో అది కూడ కొలిచి లెక్కలో చేర్చాలని వారు చెప్పారు. కోపిష్టితోనైనా కాపురం చేయవచ్చు గాని ఎప్పుడు ఎట్లా ఉంటాడో తెలియనివానితో చేయలేమని మన పెద్దలు చెప్పుకోవడం లేదా, అటువంటిదే ఇది.

లెక్కలు ఇంత చక్కగా ఉన్నాయి. పరీక్షలు దేశదేశాలలో జరిగాయి. బెజోస్తాయా వాటిలో నెగ్గింది. ఇక్కడినుంచే కథ మలుపు తిరుగుతుంది.

వరుసగా కొన్ని చలికాలాలు మెత్తగా గడిచిన కాలంలో సోవియట్ యూనియన్‌లో బెజోస్తాయా తన సొంత సీమను దాటి ఉత్తరంగా, తూర్పుగా విస్తరించింది. కూబాన్ చలికాలం రష్యా లెక్కకు మృదువైనది. బెజోస్తాయా ఆ మృదుత్వంలో పుట్టినది. ఉక్రెయిన్‌లోని మిరోనోవ్‌కాలో వాసిల్ రెమెస్లో రూపొందించిన మిరోనోవ్‌స్కాయా 808 అనే వంగడం అంతకంటె చలిని తట్టుకొనేది. కాని అది ఎత్తుగా పెరిగి బలమైన నేలలో పడిపోయేది. మెత్తని చలికాలాలలో ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూసినవారికి బెజోస్తాయా ఎక్కువ పండడమే కనిపించింది. అధిక దిగుబడి కళ్లకు కనిపిస్తుంది. శీతసహనం కఠినమైన చలికాలం వచ్చేవరకు కనిపించదు.

1971-72లో అటువంటి చలికాలం వచ్చింది. మంచు పలుచగా పడింది. చలి ఉధృతంగా వచ్చింది. వసంతంలో చూసేసరికి లక్షలాది హెక్టార్లలో గోధుమ చచ్చిపోయి ఉంది. ఆ పొలాలను తిరిగి దున్ని వసంతకాలపు పంటలు విత్తారు. ఆ వేసవిలో అనావృష్టి. మాస్కో చుట్టూ ఉన్న బురదనేలలు ఎండి అంటుకొని నగరాన్ని పొగ కమ్మింది. ఈ నష్టమంతటికీ బెజోస్తాయానే బాధ్యురాలిని చేయడం న్యాయం కాదు. అనావృష్టి పాత్ర తక్కువది కాదు. కాని తనకు తగని చలిలోకి తీసుకుపోయిన వంగడం ఆ చలికి బలికావడం ఆ నష్టంలో ఒక భాగమన్నది నిజం.

1972లో సోవియట్ యూనియన్ అమెరికానుంచి కోటి టన్నులకు పైగా గోధుమ కొన్నది. ప్రపంచ విపణిలో గోధుమ ధర ఏడాది రెండేళ్లలో రెట్టింపునకు మించి పెరిగింది. అదే ఏడు మన దేశంలోనూ ఋతుపవనాలు విఫలమయ్యాయి. ధాన్యం కొనవలసిన బీద దేశాలకు ఆ ధరలు పిడుగుపాటు. ఉక్రెయిన్ నేలలో, అంగుళం లోతున గడ్డకట్టిన ఒక చిన్న ముడికీ మన ఊళ్లో చౌకధరల దుకాణం ముందు నిలబడిన వరుసకూ సంబంధం ఉంటుందని ఎవరు ఊహిస్తారు? మరుసటి ఏడు, 1973లో, సోవియట్ యూనియన్‌లో వాతావరణం అనుకూలించింది. 1972లో సుమారు 16 కోట్ల 80 లక్షల టన్నులున్న మొత్తం ధాన్యం దిగుబడి 22 కోట్ల 20 లక్షల టన్నులకు పెరిగింది. ఆ దేశమే భారతదేశానికి 20 లక్షల టన్నుల గోధుమను అప్పుగా ఇచ్చింది. ఏడాది తేడాతో కొన్న చేయి పెట్టే చేయి అయింది.

బెజోస్తాయా నిలకడ అబద్ధమా? కాదు. పరీక్షించిన పరిసరాలలో అది నిజంగానే నిలకడ చూపింది. లోపం మరొకచోట ఉంది. నిలకడ లెక్క పరీక్షలో ఉన్న పరిసరాలను గురించే చెబుతుంది. పరీక్ష జరిగిన సంవత్సరాలలో కఠినమైన చలికాలం లేకపోతే, ఆ చలిలో వంగడం ఏమవుతుందో ఆ లెక్కకు తెలిసే మార్గం లేదు. 22 క్వింటాళ్లనుంచి 50 క్వింటాళ్లవరకు గీసిన గీతను కిందికి పొడిగించి 5 క్వింటాళ్ల ఏడు ఏం జరుగుతుందో చెప్పబోవడం సాహసం. అక్కడ మొక్క తక్కువ పండడం ఉండదు. బతకడమో చావడమో ఉంటుంది.

ఇటువంటిది మన నేలమీద కూడ జరిగింది. పశ్చిమగోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రంనుంచి 1982లో వెలువడిన స్వర్ణ అనే వరి వంగడాన్ని మన రైతులు 7029 అన్న అంకెతోనే పిలుచుకొంటారు. అది కోస్తానుంచి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, పశ్చిమబెంగాల్, బీహార్‌వరకు వ్యాపించింది. తక్కువ ఎరువుతోనూ పండడం దాని గొప్పగుణం. కాని వరదనీట వారం పదిరోజులు మునిగితే తట్టుకోలేకపోయేది. ఒడిశాకు చెందిన పాతరకం వరిలో నీటమునిగినా బతికే జన్యువును గుర్తించి, దానిని స్వర్ణలోకి తెచ్చి, 2009లో స్వర్ణ సబ్-1 పేరుతో విడుదల చేశారు. అది రెండు వారాలవరకు ముంపును ఓర్చుకొంటుంది. మిగిలిన గుణాలన్నీ స్వర్ణవే. స్వర్ణకు వరద ఎటువంటిదో బెజోస్తాయాకు మంచులేని చలి అటువంటిది.

టర్కీలోని అనటోలియా పీఠభూమిలో రైతులు ఈ చిక్కును మరొక విధంగా పరిష్కరించుకొన్నారు. వాన బాగా పడేచోట, నీటివసతి గల చోట వారు బెజోస్తాయా విత్తుతూ వచ్చారు. దాని పిండికి మంచి ధర ఉంది. వాన తక్కువగా ఉండే మెట్టపొలాలలో మాత్రం ఎస్కిషెహిర్ పరిశోధన కేంద్రంనుంచి 1979లో వచ్చిన గెరెక్ 79 అనే వంగడాన్ని ఆశ్రయించారు. అది చలికీ ఓర్చుకొంటుంది, కరవుకూ ఓర్చుకొంటుంది. మంచి నేలలో మాత్రం అంతగా విజృంభించదు. ఎరువు దండిగా వేసినా పెద్దగా పలకదు. మన ఉదాహరణలోని రెండవ వంగడం వంటిదన్న మాట. ప్రపంచమంతటికీ ఒకే వంగడం అన్న ఆశకంటె ఈ రైతుల వివేకమే నాకు ఎక్కువ శాస్త్రీయంగా కనిపిస్తుంది. 1986లో టర్కీ ప్రభుత్వమూ, మెక్సికో కేంద్రంగా గల అంతర్జాతీయ గోధుమ పరిశోధన సంస్థ సిమిట్‌తో కలిసి శీతకాలపు గోధుమ కోసం ఒక సంయుక్త కార్యక్రమం ఆరంభించాయి. నీటివసతి గల నేలలకు వేరుగా, మెట్టనేలలకు వేరుగా విత్తనాల సంచులు కట్టి వివిధ దేశాలకు పంపడం దాని పద్ధతి.

భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో చలికాలాలు మెత్తబడుతున్నాయి కదా, చలి భయం తగ్గిందా అని మీకు సందేహం కలగవచ్చు. సగటు చలి తగ్గినా గండం తొలగిపోలేదు. మంచు పలుచగా పడుతున్నది, త్వరగా కరుగుతున్నది. నడిచలికాలంలో వెచ్చని రోజులు వచ్చి మొక్కను మోసం చేస్తున్నాయి. ఆపైన వచ్చే ఒక్క చలిగాలికి దుప్పటి లేని నేలలో మొక్క నిస్సహాయంగా మిగులుతుంది. పైగా మెత్తని సంవత్సరాలు వరుసగా వచ్చినప్పుడే శీతసహనం లేని వంగడాలు పరీక్షలలో నెగ్గి పొలాలలోకి చేరతాయి.

అందుచేత శాస్త్రజ్ఞులు కఠినమైన చలికాలం దానంతట అది వచ్చేవరకు ఎదురుచూడడం లేదు. శరత్తులో పొలంలోగాని, చల్లని గదిలోగాని కొన్ని వారాలు పెంచి చలికి అలవాటు చేసిన మొక్కలను శీతలయంత్రాలలో ఉంచుతారు. ఉష్ణోగ్రతను మెల్లగా తగ్గిస్తూ, రెండేసి డిగ్రీలకు ఒకసారి కొన్ని మొక్కలను బయటికి తీస్తారు. ఆకులు కోసివేసి, వెచ్చని చోట తిరిగి నాటి, మూడు వారాలు చూస్తారు. ముడి బతికినవి కొత్త వేళ్లు వేస్తాయి. ఏ ఉష్ణోగ్రత దగ్గర సగం మొక్కలు చచ్చి సగం బతికాయో ఆ అంకెను వంగడం పేరు పక్కన, దిగుబడి గడికి ముందు గడిలో రాసుకొంటారు. చలికి బాగా ఓర్చే వంగడాల దగ్గర ఆ అంకె సున్నాకు దిగువన 20 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది.